వెండి మురుగుల పాట

పుష్పవల్లికి భయపడటానికి కారణం అక్కర్లేదు. పిల్ల నిద్రపోతే ఇంతసేపు ఎందుకు నిద్రపోయిందని భయం, లేస్తే నిద్ర చాల్లేదేమోనని భయం. పాలు కాచి, చల్లార్చి, అంతలో ఈగ వాలిందేమోనన్న అనుమానంతో మళ్ళీ కాచేది. ఎనిమిదో తరగతిలో చదువు మానిపించారు కనుక లోకంలో తనకు తెలియని సంగతులు చాలా ఉంటాయని ఆమెకు గట్టి నమ్మకం. ఆ తెలియనివన్నీ పిల్ల ఆరోగ్యానికి సంబంధించినవేనని ఇంకా గట్టి నమ్మకం.

ఆమె మొగుడు త్రినాథరావు సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు. నెలలో సగం రోజులు అవుట్‌డోరు. ఫిల్మ్ నగర్‌లో ఒక మేడమీది వాటాలో పుష్పవల్లీ, ఇంకా ఏడాది నిండని లీల మిగిలేవారు. కింది వాటాలో కరీంనగర్ నుంచి వచ్చిన కౌసల్యగారు వాళ్ళు ఉండేవారు. పుష్పవల్లి రోజుకి పదిసార్లు మెట్లు దిగి, పిల్ల నాలుక మీద ఆ తెల్లమచ్చ ఏమిటని అడిగేది. పాలమరక వదినా, అని కౌసల్యగారు పదిసార్లూ ఓపిగ్గా చెప్పేవారు.

అంత జాగ్రత్త గల మనిషి, కన్నకూతురి చేతుల మురుగులు ఊడదీసి వీధిలో పోయే జోలెలో పడేసింది. ఎందుకు పడేసిందంటే, గొప్పకి.

ఆ ఏడు, తొంభై ఆరులో, దీపావళి ముందు తుఫాను వచ్చి కోనసీమను ఊడ్చేసింది. అత్తగారు జగదాంబగారి కొబ్బరితోట సగానికి సగం నేలకొరిగింది. టీవీలో ఆ పడిపోయిన చెట్లను చూసి పుష్పవల్లి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ తరువాత జూబ్లీహిల్స్‌లో సినిమావాళ్ళెవరో బాధితుల కోసం జోలె పట్టి తిరిగారనీ, ఒకావిడ అక్కడికక్కడే చేతి గాజు తీసి వేసిందనీ విన్నది. ఆ గాజు మాట పుష్పవల్లి మనసులో అలా ఉండిపోయింది. గిన్నెలు కడుగుతూ, ఎవరూ చూడకుండా, తన చేతి గాజు నెమ్మదిగా తీసి ఒక చూపు చూసి ఇచ్చేయడం కూడా రెండు మూడుసార్లు చేసి చూసుకుంది. గాజు మట్టిది. అయినా చూపు బాగానే కుదిరింది.

నెల తిరక్కుండా జోలె వాళ్ళ వీధికే వచ్చింది.

నలుగురు మగవాళ్ళు తెల్లటి పంచె నాలుగు చెంగులూ పట్టుకుని నడుస్తున్నారు. వెనకాల డప్పు. బ్యానరు గాలికి కర్రకు చుట్టుకుపోయి 'సాధన' అన్న మాట ఒక్కటే కనిపిస్తోంది. ఫిల్మ్ నగర్‌లో బ్యానరు మీద ఏ మాట ఉన్నా అది సినిమా పేరే అయి ఉంటుంది కనుక పుష్పవల్లి దాన్ని పట్టించుకోలేదు. ముందు నడుస్తున్న కళ్ళజోడు ఆయన గేటు దగ్గర ఆగి, చేతులు జోడించాడు. షేక్‌పేటలో పిల్లలకు ట్యూషన్లు చెప్పే రామలింగం సారని తరువాత తెలిసింది.

"అక్కా, నీళ్ళ కాడ మేం శానా ఆగమైనం. ఊర్లకూర్లు ఖాళీ అయితున్నయి. పట్టించుకునేటోడు లేడు. మీకు తోచింది జోలెల వెయ్యిండ్రి" అన్నాడు.

నీళ్ళు. ఆగమైపోవడం. ఖాళీ అయిపోయిన ఊళ్ళు. తుఫాను కాక మరేమిటి? పరాయి యాస మనిషి తమ కోనసీమ కోసం వీధివీధీ తిరుగుతున్నాడే అనుకుంది పుష్పవల్లి. చేతికున్నవి మట్టిగాజులు. ఇస్తే నవ్వుతారు. చంకలో లీల ఉంది. లీల చేతులకు వెండి మురుగులున్నాయి. అవి చిన్నప్పుడు త్రినాథరావు పెట్టుకున్నవి, అంతకుముందు ఆయన తండ్రి పెట్టుకున్నవి. ఆ సంగతి గుర్తుకొచ్చేసరికి అవి జోలెలో ఉన్నాయి.

చూపు మాత్రం అనుకున్నంత బాగా కుదరలేదు. లీల మురుగుల కోసం గుక్కపట్టి ఏడవడంతో సగంలో ఆగిపోయింది.

రామలింగం సారు పేరడిగాడు. పుష్పవల్లి, మాది అమలాపురం దగ్గరండీ, అంది. ఆ మాట వినగానే ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె ముందు వంగి దణ్ణం పెట్టాడు. అంత పెద్దమనిషి దణ్ణం పెడితే అదిరిపడాల్సింది పోయి, పుష్పవల్లి ఫరవాలేదన్నట్టు తలూపింది.

మధ్యాహ్నం కౌసల్యగారు పైకి వచ్చి గుమ్మంలోనే నిలబడి చాలాసేపు ఆమె ముఖంలోకి చూశారు.

"వదినా, నువ్వు తెలంగాణ రాష్ట్రం కోసం మురుగులిచ్చినవట. షేక్‌పేట షేక్‌పేటంతా గదే ముచ్చట. మా తమ్ముడు చెప్పిండు."

"తెలంగాణ ఏంటండీ? తుఫానుకిచ్చాను."

"గది ప్రత్యేక రాష్ట్రం జోలె. నీళ్ళ కాడ ఆగమైనమంటే, మా నదుల నీళ్ళు మాకు రాలేదని."

తరువాతి అరగంటా కౌసల్యగారికి పుష్పవల్లి ప్రశ్నలకు జవాబు చెప్పడంతోనే సరిపోయింది. రాష్ట్రం వేరైపోతే తమను పంపించేస్తారా? పాలప్యాకెట్లు ఎవరిస్తారు? లీలకు ఇంకా వేయించాల్సిన టీకాలు ఏ రాష్ట్రంలో వేయించాలి? ఇవన్నీ అయ్యాక అసలు భయం బయటికొచ్చింది. సోమవారం తెల్లారి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో అత్తగారు దిగుతున్నారు. లీల పుట్టినరోజుకే వస్తున్నారు. జగదాంబగారు రైలు దిగి మనవరాలి ముఖం కన్నా ముందు చేతులు చూస్తారు.

పోయి ఉన్నమాట చెప్పి తెచ్చుకోమన్నారు కౌసల్యగారు. మంచివాడు, ఇచ్చేస్తాడు అన్నారు. అది మాత్రం పుష్పవల్లి వల్ల కాదు. వంగి దణ్ణం పెట్టినాయన ముందుకు వెళ్ళి, నాకు నీళ్ళంటే తుఫాననే తెలుసండీ, ఎనిమిది దాకానే చదివాను, నా మురుగులు నాకిచ్చేయండి అని ఎలా అంటుంది? వేరే దారి కౌసల్యగారే చెప్పారు. జోలెలో పడిన వస్తువులన్నిటినీ ఆదివారం సాయంత్రం షేక్‌పేట సభలో హర్రాజు పెడతారట. ఆ డబ్బుతోనే మైకులూ, కరపత్రాలూ, ఊరూరికీ తిరిగే లారీ కిరాయీ.

హర్రాజంటే వేలమేనని అడిగి తెలుసుకుని పుష్పవల్లి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఓస్, పాటే కదా. వాళ్ళ ఊళ్ళో కొబ్బరితోటకి పాట, చేపల చెరువుకి పాట, సంతకి పాట. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళది. గుంపులో ఓ మూల నిలబడి గుట్టుగా పాడేసి, పుట్టినరోజుకని దాచిన డబ్బు కట్టి, మురుగులు తెచ్చేసుకుంటే మూడో మనిషికి తెలియదు. ఈ ఉపాయం తనకే తట్టినట్టు ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. ఎందుకింత నిద్రపట్టిందా అని పొద్దున లేచి భయపడింది.

ఆదివారం కౌసల్యగారింటికి చుట్టాలొచ్చారు. పుష్పవల్లి ఒక్కతే, చంకలో లీలతో, ఫ్లాస్కులో కాచిన నీళ్ళతో, దుమ్ముకి పిల్ల ముక్కు మీద కప్పడానికి తడిగుడ్డతో ఆటోలో షేక్‌పేట చేరింది. పాత ఊరి నడుమ మైదానంలో, ఒక లారీకి డాలా తలుపులు దింపి వేదిక చేశారు. కాళ్ళకు గజ్జెలు, భుజాన గొంగడి వేసుకున్న కుర్రవాళ్ళు పాడుతున్నారు. ఆడవాళ్ళు పిల్లాపాపలతో బారులు తీరి కూర్చున్నారు. పుష్పవల్లి వేదిక పక్కన చొక్కాకు చీటీ గుచ్చుకుని తిరుగుతున్న కార్యకర్తను పట్టుకుంది.

"పాట ఎప్పుడండీ? నేను పాడాలి" అంది.

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "మీరు ఏడికెల్లి వచ్చిండ్రు?"

"ఫిల్మ్ నగర్ నుంచి."

ఆ రెండు మాటలతో ఆమె సినిమా గాయని అయిపోయింది. ఆ సంగతి మైదానంలో ఆమెకు తప్ప అందరికీ తెలిసిపోయింది. పిల్లతో చీకటి పడితే కష్టమండీ, కాస్త ముందే పాడనిస్తారా అని బతిమాలుకుంటే, మీదే ముందు అమ్మా అని ఆయన ఎంతో మర్యాదగా వేదిక దాకా తీసుకెళ్ళాడు. పాటకి వచ్చినవాళ్ళకు ఇంత గౌరవమా అని ఆమె మురిసింది. వాళ్ళ ఊళ్ళో చెరువు పాటకొస్తే కుర్చీ కూడా వెయ్యరు.

లారీ మీద రామలింగం సారు ఆమెను చూడగానే పోల్చుకున్నాడు. ఆనందంతో ఆయనకు మాట తడబడింది. మురుగులిచ్చిన ఆంధ్ర అక్క ఈమేనని, ఇచ్చింది చాలక ఇప్పుడు పాటతో కూడా మద్దతు ఇవ్వడానికొచ్చిందని మైకులో చెప్పాడు. చప్పట్లు మోగాయి. లీలను ముందు వరసలో కూర్చున్న సుబ్బులు అనే ముసలామె చేతులు చాచి తీసుకుంది. పుష్పవల్లి చేతికి మైకు వచ్చింది.

మైకిచ్చి పాడించుకునే వేలం ఆమె ఎప్పుడూ చూడలేదు. పట్నం పద్ధతి కాబోలనుకుంది. గొంతు సవరించుకుంది.

"నూట యాభై" అంది.

రామలింగం సారు చెవి దగ్గరకొచ్చి, పాట అక్కా, పాట, అని గుర్తుచేశాడు. తక్కువ పాడానేమో అనుకుంది.

"అదేనండీ. రెండొందలు."

డప్పు పట్టుకున్న కుర్రవాడు రెండొందలనే పాట తనకు రాదని పక్కవాడితో అన్నాడు. అది మైకులో అందరికీ వినిపించింది. అప్పుడు, ఆ క్షణాన, పుష్పవల్లికి హర్రాజు అన్న మాట గుర్తొచ్చింది. ఇక్కడ వేలమంటే హర్రాజు, పాటంటే పాటే. దిగిపోదామంటే లారీ ఎత్తుగా ఉంది. ఎదురుగా అంతమంది జనం. ఆమెకు మొదటి నుంచి చివరిదాకా వచ్చిన పాట ఒక్కటే. పడుకోని పిల్లను పడుకోబెట్టడానికి, ఆకలేసి విసుగెత్తి, తనే కట్టుకున్న జోల. కళ్ళు గట్టిగా మూసుకుని అదే ఎత్తుకుంది.

"పడుకోవే నా తల్లి పడుకోవే
పడుకుంటే నీకేమి పోయిందే
వండింది చల్లారిపోయిందే
తినకుండ పొద్దంత పోయిందే"

ఇంకో చరణం ఉంది కానీ అందులో అత్తగారి ప్రస్తావన ఉండటం వల్ల ఆపేసింది. మొదటి నాలుగు ముక్కలే మళ్ళీ మళ్ళీ పాడింది. శ్రుతి ఎటో పోయింది. ఆడవాళ్ళలో ఎవరో నవ్వారు. రామలింగం సారు మాత్రం నవ్వలేదు. మైకు అందుకుని, విన్నరా, అన్నాడు.

"వండింది ఎవలు? మనం. చల్లారినా ముద్ద ముట్టనిది ఎవలు? మనం. తినకుంటనే నలభై ఏండ్లు పొద్దు పోయింది. గీ అక్క జోల పాడింది పిల్లకు కాదు, నిద్రపోతున్న సర్కారుకు."

మైదానం లేచి నిలబడింది. డప్పు అందుకుంది. జోలె వరసల మధ్య తిరిగి బరువుగా వెనక్కి వచ్చింది. పుష్పవల్లి తన పాటలో ఇంత ఉందని తెలియక, ఉన్నదానికి జైల్లో పెడతారేమోనని, పెడితే పిల్లకు పాలెవరు పడతారని ఆలోచిస్తూ లారీ మూల నిలబడిపోయింది.

తరువాత హర్రాజు మొదలైంది. ఒక గోడగడియారం, ఒక ఇత్తడి బిందె, ఎవరిదో శాలువా వెళ్ళిపోయాయి. మురుగులు పైకెత్తి చూపించి రామలింగం సారు పాట రెండు వందల దగ్గర మొదలుపెట్టాడు. పుష్పవల్లి లారీ మీంచే చెయ్యెత్తింది. ఇచ్చిన అక్కే మళ్ళీ కొంటోందని చూసి జనం ఇంకా ముచ్చటపడ్డారు. సుబ్బులు ఒక మాట పెంచి, ఒళ్ళో ఉన్న లీలను చూసి, తగ్గింది. ఇక తనదే అనుకుంటుండగా చిట్టచివర, చీకట్లు ముసురుతున్న చోట, కార్యకర్త చెయ్యి ఊపాడు.

"ఎనుక పెద్దమ్మ మూడొందలు అంటున్నది."

పుష్పవల్లి మూడున్నర అంది. వెనక పెద్దమ్మ నాలుగు. నాలుగున్నర అంటే ఆరు. పుష్పవల్లికి ఒళ్ళు మండింది. ఎవరా ముసలి రాకాసి, ఏ మనవరాలికి పెట్టుకుంటుందో, పెట్టుకున్న చేతికి దద్దుర్లు రావాలని మనసులో శపించి, పిల్లలను శపించకూడదని వెంటనే చెంపలేసుకుని, ఏడు వందలంది. వెనక నుంచి ఎనిమిది. పుట్టినరోజుకి దాచింది ఎనిమిది వందలే. కేకు లేకపోయినా, పట్టులంగా లేకపోయినా, ఆటోకి డబ్బుల్లేక నడిచిపోయినా ఎనిమిదిని దాటే దారి లేదు. వెనక పెద్దమ్మ ఆగకుండా, ఎవరూ అడక్కుండానే, వెయ్యి అంది.

మురుగులు పోయాయి. మైదానమంతా ఈలలు వేస్తుంటే పుష్పవల్లి వేదిక మీద, అందరి ముందు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అది ఆనందబాష్పాలని రామలింగం సారు మైకులో చెప్పాడు.

కొన్న పెద్దమ్మ వరసలు దాటుకుంటూ వచ్చింది. వెనకాల కౌసల్యగారు. పెద్దమ్మ నడక పుష్పవల్లికి ఎక్కడో చూసినట్టుంది. వెలుతురులోకి వచ్చాక ఎక్కడో కాదని తెలిసింది. ఊరి పెద్ద వీరరాఘవయ్యగారి కార్లో చోటుందని ఒక రోజు ముందే బయల్దేరి, ఇంటికి చేరి, కోడలు షేక్‌పేటలో పాట పాడటానికి పోయిందని విని, కౌసల్యగారిని వెంటబెట్టుకుని వచ్చిన జగదాంబగారు.

ఆవిడ తలెత్తి లారీ వైపు చూశారు. "నువ్వా నా మీద పాడిందీ" అన్నారు.

జవాబు కోసం ఆగకుండా ఆవిడే చెప్పారు. మురుగులు మైకు పక్కన చూసి, ఇంట్లో దొంగలు పడ్డారని, కోడలు భయపడి చెప్పలేదని అనుకున్నారట. పరాయి ఊళ్ళో అల్లరెందుకని నోరు మూసుకుని కొనేద్దామనుకున్నారట. తీరా లారీ మూల చీకట్లో ముఖం ఆనని ఎవత్తో ఒకతి మాటకి మాట పెంచుతుంటే తిక్కరేగిందట. చెప్పబోతే ఆవిడ విననే లేదని కౌసల్యగారు ఈలోపు నవ్వి నవ్వి నేలమీద చతికిలబడ్డారు.

ఇక దాచడానికి ఏమీ లేదు. పుష్పవల్లి దిగి అంతా చెప్పేసింది. తుఫాననుకున్నాను, అంది. గొప్పకి పోయాను, అంది. ఆ రెండో మాట ఎవరూ అడగలేదు. రామలింగం సారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని విన్నాడు. ఆయన ముఖంలో తెలంగాణ కోసం మురుగులిచ్చిన ఆంధ్ర అక్క కొంచెం కొంచెంగా మాయమైపోవడం పుష్పవల్లికి కనిపించింది. మైకులో రెండొందలన్నప్పటికంటే ఎక్కువ సిగ్గేసింది.

ఆయన మురుగులు తెచ్చి జగదాంబగారి చేతిలో పెట్టి, పైసలొద్దమ్మా, తెల్వక అయింది, అన్నాడు.

"పాట పాటేనండీ" అన్నారు జగదాంబగారు, నడుముకున్న సంచి విప్పుతూ. "పాడి వెనక్కి తగ్గినవాడికి మా ఊళ్ళో మళ్ళీ తోట ఇవ్వరు." డబ్బు ఆయన చేతిలో పెట్టి కోడలి వైపు తిరిగారు. "మరి తుఫానుకి ఎంతిచ్చావే?"

ఏమీ ఇవ్వలేదు. ఏడ్చింది, గిన్నెల దగ్గర మట్టిగాజు తీసి చూసుకుంది, అంతే. పడిపోయిన తోట తాలూకు మనిషి ఎదురుగా నిలబడి అడిగితే చెప్పడానికి అది ఏమంత గొప్పగా లేదు.

రామలింగం సారు ఖాళీ అయిన పంచె దులిపి, నలుగురికీ నాలుగు చెంగులిచ్చి, మైకు దగ్గరికి వెళ్ళాడు. ఈ పెద్దమ్మ ఊరు కూడా నీళ్ళ కాడనే ఆగమైంది, మనది నీళ్ళు రాక, వాళ్ళది నీళ్ళు వచ్చి, అన్నాడు. ఇప్పుడు పట్టే జోలె కోనసీమ తుఫానుకని రెండుసార్లు విడమరిచి చెప్పాడు. తరువాత మైకు తెచ్చి పుష్పవల్లి ముందు పెట్టాడు.

"నాకు అదొక్కటే వచ్చండీ" అంది.

"గదే పాడక్కా. మల్ల నూట యాభై అనకు."

జగదాంబగారు మురుగులు లీల చేతులకు తొడుగుతూ, రెండో చరణం కూడా ఉంటుందిగా, అదీ పాడు, అన్నారు. పుష్పవల్లి కంగారుగా లేదని చెప్పి మొదటి చరణమే ఎత్తుకుంది. ఈసారి ఇంకా అధ్వాన్నంగా వచ్చింది. తను కట్టిన మాటలే తను మరిచిపోయింది. ముందు వరసల ఆడవాళ్ళకు అప్పటికే వచ్చేసింది కనుక వాళ్ళు అందించారు. జోలె తిరిగింది. ఇందాకటంత బరువుగా రాలేదు. జనం జేబులు అప్పటికే ఖాళీ అయిపోయి ఉంటాయని పుష్పవల్లి సర్దిచెప్పుకుంది.